వంతెన, చింతచెట్టు

మూసీనదిపై పురానాపూలును 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించెను. వరదలో నదిని దాటిన కుమారుని గూర్చిన భయమే అందులకు కారణమని జనశ్రుతి. మహమ్మద్ కులీకి అప్పటికి 13 ఏండ్లే గనుక, ప్రేయసికొరకు దాటెననుట నమ్మదగదు. కథ ఎట్లున్నను, అందలి తండ్రి ముందుచూపు మాత్రము మెచ్చదగినది.

1908 సెప్టెంబరు 28న అదే మూసీ వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికిరి. చేరువనున్న ఎత్తును సకాలమున గుర్తించుటయే వారిని కాపాడినది. పిమ్మట విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలసినవి. అయినను 2025 సెప్టెంబరులో వరదనీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషనులోనికి చొచ్చుకొనివచ్చినది.

మన పాఠశాలలలో 1908వ సంవత్సరమును పరీక్షకై వల్లెవేయింతురు. ఆ తేదీని తప్పక చెప్పగల విద్యార్థికి, తన వీధినుండి మెరకకు పోవు దారి తెలియునా? మూతలేని నాలా ఎక్కడనున్నదో? ఆపదలో పిలువవలసిన 112 సంఖ్యయైనను? పారు నీరు మోకాలిలోతే అయినను మనిషిని పడద్రోయునని ఎందరికి చెప్పితిమి? వానలు రాకమునుపే ఒక ఉదయమున ఉపాధ్యాయుడు పిల్లలను వెంటబెట్టుకొని, కూరగాయల అంగళ్లతో సందడించు పురానాపూలునుండి ఆ చింతచెట్టువరకు నడిపించి, త్రోవలోని పల్లములను, మెరకలను వారిచేతనే గుర్తింపజేయవచ్చును. నడువగల దూరమే.