తెర దించినవారూ, తెర ఎత్తినవారూ

మొన్నటి వేసవిలో మా అమ్మాయి ఇంట కొన్నాళ్ళు గడుపుదామని అమెరికా వెళ్ళినప్పుడు, ఒక కాఫీ దుకాణం గోడమీద అంటించిన ప్రకటన నా కంటబడింది. ఎర్రని అక్షరాలతో 'బర్లెస్క్' అని ఉంది. పండిత శిక్షణ పొందిన నాబోటివాడికి ఆ మాట బొత్తిగా కొత్తదేమీ కాదు. గంభీరమైన వస్తువును వికటంగానూ, అల్పమైన వస్తువును మహాకావ్య ఫక్కీలోనూ చెప్పి నవ్వించే రచనకు పాశ్చాత్య లాక్షణికులు పెట్టుకున్న పేరది. ఒక సుందరి కురులపాయను ఎవరో కత్తిరించిన ముచ్చటను అలెగ్జాండర్ పోప్ ఇతిహాస ధోరణిలో వ్రాసిన కావ్యాన్ని ఈ కోవలోనే చెబుతారు. మన జరుక్ శాస్త్రిగారి పేరడీలు దీనికి దగ్గరి చుట్టాలు.

"ఇక్కడెక్కడో పేరడీ కవుల సభ జరుగుతున్నట్లుందమ్మా, వెళదామా?" అని అడిగాను. అమ్మాయీ అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అది మీరనుకున్నది కాదు నాన్నగారూ" అని మా అమ్మాయి మాట మార్చివేసింది.

ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, మాట మార్చితే మరచిపోయే రకాన్ని కాను. ఆ ఊరి గ్రంథాలయంలో కూర్చుని చదివాను. చదవగా తేలినదేమంటే, నేననుకున్నది పూర్తిగా పొరపాటూ కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. ఆ చదువు చివరకు నన్ను ఎక్కడికో తీసుకుపోయి నిలబెట్టింది. ఆ సంగతి చెప్పడానికే ఈ టపా.

ఇటాలియను భాషలో 'బుర్లా' అంటే వేళాకోళం. ఆ మాటనుంచి పుట్టిన ఈ ప్రదర్శన మొదట నిజంగా పేరడీయే. 1868లో లిడియా థామ్సన్ అనే ఇంగ్లీషు నటీమణి తన బృందంతో న్యూయార్కు చేరి, గ్రీకు పురాణంలోని ఇక్సియన్ కథను హాస్యనాటకంగా ఆడింది. పురుషపాత్రలనూ స్త్రీలే ధరించారు, కాళ్ళకు అతుక్కుపోయే మేజోళ్ళు తొడిగి. జనం విరగబడి చూశారు. కొంతకాలానికి పత్రికలు దుమ్మెత్తిపోశాయి. కాళ్ళు కనబడడం ఒక్కటే వారి బాధ కాదని నాకనిపిస్తుంది. ఆడది రంగస్థలం మీద నిలబడి, ప్రేక్షకుల కళ్ళలోకి చూస్తూ, లోకంమీద ఛలోక్తులు విసరడం వారికి మరింత కంటగింపయి ఉంటుంది.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి పురాణకథలు పోయి, హాస్యగాళ్ళ సంభాషణలూ, పాటలూ, వాటి నడుమ నర్తకి ఒక్కొక్క వలువే విడిచే ఆటా మిగిలాయి. న్యూయార్కులో మిన్‌స్కీ సోదరుల నాటకశాలలు దీనికి పేరుమోశాయి. 1933 చికాగో ప్రపంచ ప్రదర్శనశాలలో శాలీ రాండ్ రెండు పెద్ద నిప్పుకోడి ఈకల విసనకర్రలతో నాట్యమాడింది. ఆమె చూపినదానికంటె ప్రేక్షకులు చూశామనుకున్నదే ఎక్కువట! జిప్సీ రోజ్ లీ అయితే చేతి తొడుగు ఒకటి తీయడానికి పట్టే సేపట్లో బోలెడు చమత్కారాలు పలికేది. 1941లో అపరాధ పరిశోధన నవల కూడా ప్రచురించింది.

మన భరతముని శృంగారానికి అనుకృతియే హాస్యమన్నాడు. ఈ సూత్రం పిల్లలకు ఎన్నోసార్లు వల్లె వేయించాను గాని, దానికింత సరియైన ఉదాహరణ అట్లాంటిక్ మహాసముద్రం ఆవల దొరుకుతుందనుకోలేదు. మంచి బర్లెస్కు నర్తకి శృంగారాన్ని ప్రదర్శించదు, అనుకరిస్తుంది. "మీరు దేనికోసం ఇలా నోళ్ళు తెరుచుకు కూర్చున్నారో నాకు తెలుసు, నాకు తెలుసునని మీకూ తెలుసు" అన్న కొంటెతనమే అందులోని ప్రాణం.

1937లో న్యూయార్కు నగరాధికారులు, లగ్వార్డియా మేయరుగా ఉన్న రోజులలో, ఈ నాటకశాలల అనుమతులను తిరిగి ఇవ్వలేదు. తరువాత 'బర్లెస్క్' అన్న మాటనే బోర్డులమీద వ్రాయకూడదన్నారు. నీతి కోసమన్నారు. ఆ వీధులలో స్థలాలూ దుకాణాలూ ఉన్న పెద్దమనుషుల ఫిర్యాదులు కూడా దాని వెనుక ఉన్నాయి. ఆ వేదికలమీద పెరిగిన హాస్యగాళ్ళకు రేడియో, సినిమా, ఆపై టెలివిజను తలుపులు తెరిచాయి. అబ్బట్, కాస్టెల్లో జంట అలా పైకి వచ్చినవారే. వారి పక్కనే నిలబడి ఆడిన స్త్రీలలో అధికసంఖ్యాకులకు ఆ తలుపులు తెరుచుకోలేదు. వారు ఊరూరి సంతలకూ రాత్రి క్లబ్బులకూ చెదిరిపోయారు. ఒకే వేదిక, ఒకే టికెట్టు. శుద్ధి జరిగినప్పుడు మాత్రం మగవాడు కళాకారుడయ్యాడు, ఆడది అశ్లీలమయింది.

ఈ వాక్యం దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. కారణం చెప్పకపోతే ఈ వ్యాసం వ్రాయడం ఆత్మవంచన అవుతుంది.

1986లో నేనొక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో కుర్ర తెలుగు పండితుణ్ణి. అమ్మవారి తీర్థానికి రికార్డింగ్ డాన్సు బృందం వచ్చింది. మొదటి రాత్రి ఆట అయింది. మర్నాడు ఊరి పెద్దలు నలుగురు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, పిల్లలు చెడిపోతున్నారు, మంచి భాషలో ఒక అర్జీ వ్రాసిపెట్టండి" అన్నారు. వ్రాశాను. సంస్కృత సమాసాలు దట్టించి, సనాతన ధర్మానికీ యువతరానికీ ముంచుకొచ్చిన ముప్పును వర్ణించి, రెండు ఠావుల కాగితం నింపాను. పోలీసులు వచ్చి ఆ సాయంత్రమే పందిరి పీకించారు. అర్జీమీద మొట్టమొదటి సంతకం చేసిన పెద్దమనిషి ముందురాత్రి ముందు వరుసలో కూర్చుని ఆట చూశాడని నాకు తరువాత తెలిసింది.

ఆ మర్నాడు పొద్దున్నే బస్సుకోసం రోడ్డుమీదికి వెళితే, ట్రంకుపెట్టెల మీద కూర్చుని ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. వారిలో ఒకామె బన్నుముక్క టీలో ముంచి ఒక పసివాడికి తినిపిస్తోంది. నన్నెవరో చూపించారు కాబోలు, తల ఎత్తి అంది: "మీరేనటగా పంతులుగారూ అర్జీ వ్రాసింది? చాలా బాగా వ్రాశారట. ఎస్సైగారు చదివి వినిపించారు. సగం మాటలు మాకు అర్థం కాలేదు. రెండు రాత్రుల కూలి మాత్రం రాలేదండి." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

వారిని తీర్థానికి పిలిపించినదెవరు, ఆ కూలి బాకీ పడినదెవరు అన్న విషయం నా రెండు ఠావుల అర్జీలో లేదు.

ఇక ఈ విద్యకు అక్కచెల్లెలయిన మరొకదాని గురించి. గుండుసూదితో గోడకు గుచ్చుకునే బొమ్మ కనుక 'పిన్అప్' అన్నారు. పెరూ దేశంనుంచి వచ్చిన ఆల్బెర్టో వర్గాస్, క్యాలెండరు చిత్రాల గిల్ ఎల్వ్‌గ్రెన్ ఇందులో ప్రసిద్ధులు. జో మోజర్ట్, జాయిస్ బాలంటైన్ వంటి స్త్రీ చిత్రకారులూ ఉన్నారు. రెండవ ప్రపంచయుద్ధంలో సైనికులు ఈ బొమ్మలను పెట్టెలలో దాచుకున్నారు, విమానాల ముక్కులమీద చిత్రించుకున్నారు. అటు సైన్యం చూసీచూడనట్లు ఊరుకుంటే, ఇటు 1943లో తపాలాశాఖ వర్గాస్ బొమ్మలు వేసే ఎస్క్వయిర్ పత్రికకు చౌక తపాలా రాయితీని రద్దుచేసింది. 1946లో అక్కడి సుప్రీంకోర్టు ఆ రద్దును కొట్టివేసింది.

ఈ బొమ్మల రాణి అనదగిన బెట్టీ పేజ్ కథ నన్ను కలచివేసింది. ఆమె పట్టభద్రురాలు, కొద్దికాలం బడిలో పాఠాలూ చెప్పిందట. 1955లో ఆమె ఛాయాచిత్రాలు అమ్మే వర్తకుడిమీద సెనేటు ఉపసంఘం విచారణ జరిపింది. 1957లో ఆమె ఆ వృత్తి వదలి కనుమరుగైపోయింది. ఆ తరువాత మనోవ్యాధి, పేదరికం. 1980ల నాటికి ఆమె రూపం చొక్కాలమీద, చిత్రకథల్లో కనిపించసాగింది. ఎందరో ఆ బొమ్మమీద సంపాదించుకుంటున్న సంగతి చాలాకాలం ఆమెకే తెలియదు! ఆమెను నమూనాగా తీసుకుని చిత్రకథలో నాయికను గీసిన డేవ్ స్టీవెన్స్, తరువాత ఆమెను కలిసి ప్రతిఫలం ముట్టజెప్పి ఆదుకున్నాడు. ఆమె 2008లో కన్నుమూసింది.

పునరుద్ధరణ అనే మాటలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. మనం దేనిని ఉద్ధరిస్తున్నాం, రూపాన్నా, ఆ రూపం మోసిన మనిషినా?

బర్లెస్కు విషయంలో దీనికి ఒక మంచి జవాబు దొరికింది. 1955లో జెన్నీ లీ అనే నర్తకి తోటివారిని కూడగట్టి, వేతనాల గురించీ పని పరిస్థితుల గురించీ మాట్లాడేందుకు ఒక సంఘం పెట్టింది. పాత దుస్తులూ, గోడపత్రికలూ, ఛాయాచిత్రాలూ పోగుచేసింది. 1990లో ఆమె పోయాక, డిక్సీ ఇవాన్స్ అనే మరో పూర్వనర్తకి ఆ సేకరణను కాపాడే భారం తలకెత్తుకుంది. కాలిఫోర్నియాలో మొజావీ ఎడారి మధ్య, ఒకప్పటి మేకల దొడ్డిలో ఆ ప్రదర్శనశాల! చూడవచ్చేవారు కావాలి కనుక ఏటా ఒక పోటీ మొదలుపెట్టింది. కుర్ర నర్తకులు పోటీకి వచ్చారు, డెబ్బయి ఎనభై యేళ్ళ పూర్వనర్తకులూ వచ్చారు. ఆ వృద్ధులను వారక్కడ 'లెజెండ్స్' అని పిలుచుకుంటారు. వేదికమీద కూర్చోబెట్టడమే కాదు, ఆడమంటారు, వారు ఆడతారు కూడా. డ్యూక్ ఎలింగ్టన్ పేరునుంచి తన పేరు దిద్దుకున్న నల్లజాతి నర్తకి టోనీ ఎలింగ్, ఆనాటి తెల్లవారి వేదికలు తనవంటివారికి ఏమి నిరాకరించాయో ఈనాటి పిల్లలకు చెప్పింది. ఆ ప్రదర్శనశాల ఇప్పుడు లాస్ వేగస్‌లో ఉంది. డిక్సీ ఇవాన్స్ 2013లో చనిపోయింది.

1995లో లాస్ ఏంజిలిస్‌లో మొదలైన వెల్వెట్ హామర్ బృందం, 2001లో న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన టీజోరామా సమావేశం ఈ ఉద్యమానికి ఊపునిచ్చాయి. పెద్ద మార్టినీ గ్లాసులో స్నానమాడే డీటా వాన్ టీస్ దీనికి ప్రపంచఖ్యాతి తెచ్చింది. 2004లో ఆ ఎడారి పోటీలో గెలిచిన డర్టీ మార్టినీ స్థూలకాయురాలు. ఇటువంటి నర్తకులనే తారాగణంగా తీసుకుని ఫ్రెంచి దర్శకుడు మాథ్యూ అమల్రిక్ 'టూర్నే' అనే చిత్రం తీసి, 2010లో కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుడయ్యాడు.

ఆక్షేపణలు లేకపోలేదు. "పేరేదయితేనేం, స్త్రీ దేహాన్ని సరుకు చేయడమే కదా" అంటారు. నా శ్రీమతి కూడా అదే అంది. కొట్టిపారేయదగిన మాట కాదు. అయితే ఆనాడు నాటకశాల, కథ, లాభం అన్నీ సాధారణంగా మగవారి చేతిలో ఉండేవి. ఈనాడు చాలాచోట్ల ఆట కట్టేదీ, దుస్తులు కుట్టేదీ, టికెట్టు అమ్మేదీ స్త్రీలే, చూడవచ్చేవారిలోనూ ఎందరో స్త్రీలు. ఈ భేదం చిన్నది కాదు. నన్ను ఎక్కువగా బాధించేది రెండో ఆక్షేపణ. పగలు మంచి ఉద్యోగం చేసుకుని రాత్రి సరదాకు ఆడేవారికి చప్పట్లు కొట్టి, పొట్టకూటికి బట్టలిప్పే ఆడదాన్ని అదే నోటితో ఈసడించే పెద్దమనిషితనం ఈ ఉద్యమంలోకీ చొరబడింది. 'మాది కళ, వారిది అది' అని గీత గీసుకున్నవాడు 1937 నాటి అధికారి వారసుడే.

మన సంగతి తలచుకోకుండా పరాయి ఇంటి లెక్కలు చూడడం న్యాయం కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టను. పసిపిల్లలను దేవుడికి అంకితమివ్వడాన్ని ఆపిన 1947 నాటి మద్రాసు చట్టం అవసరమైనదే. కాని చట్టం ఆపమన్నది అంకితాన్ని, మనం ఆపినది మర్యాదను. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను కందుకూరివారు దూషించారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పూర్తిపాఠంతో అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులుగారి హయాంలో నిషేధం తొలగినదీ 1947లోనే. కళావంతుల ఇళ్ళకు వెళ్ళి, వృద్ధ నర్తకుల దగ్గర నేర్చుకుని నటరాజ రామకృష్ణగారు ఆంధ్రనాట్యాన్ని నిలబెట్టారు. స్వప్నసుందరిగారు విలాసినీ నాట్యానికి ప్రాణం పోశారు. వారికి నమస్కారం. కాని వేదికమీద ఆ నాట్యాన్ని మెచ్చుకునే మనలో ఎందరం, ఆ వంశంలో పుట్టామని పైకి చెప్పుకోవడానికి ఒక పెద్దావిడ ఎందుకు జంకవలసి వచ్చిందో ఆలోచించాం? మేకల దొడ్డిలోనైనా సరే, ఆమెకొక కుర్చీ వేశామా?

నా అభిప్రాయం ఇంతే. ఒక కళను మళ్ళీ బ్రతికించామని గర్వించేవారు ముందుగా ఆ కళను చంపిన రోజున వీధిన పడ్డవారి పేర్లు వెదకాలి. బ్రతికి ఉంటే పిలిచి కూర్చోబెట్టాలి, బాకీ ఉంటే తీర్చాలి. అది చేయని పునరుద్ధరణ కబ్జాకు మరో పేరు.

ఆ పొద్దున బస్సు వచ్చింది. నేనెక్కాను. వారు ఎక్కవలసిన బస్సు వేరు. ఆమె పేరైనా నేనడగలేదు. ఇన్నేళ్ళకు వ్రాసిన ఈ రెండో అర్జీ ఎవరికి సమర్పించాలో నాకు తెలియడం లేదు. భాష మాత్రం ఈసారి కాస్త తేలికగానే వ్రాశాను.