ఏ లినక్స్ అని కాదు, ఏం పని వచ్చు అని అడుగుతారు



అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదువుతున్న, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకుంటున్న మన పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది: ఉద్యోగం రావాలంటే ఏ లినక్స్ వేసుకోవాలి? ఉబుంటునా, ఫెడోరానా, కాలీనా?

నా మాట సూటిగా చెప్తున్న. పేరు కోసం నెలలు పోగొట్టుకోవద్దు. ఒకటి వేసుకోండి, దాని మీదే పని నేర్చుకోండి.

పేర్లు శాశ్వతం కాదు. చాలా కంపెనీల సర్వర్లలో ఏళ్ల తరబడి సెంట్ఓఎస్ నడిచింది. 2020 డిసెంబర్‌లో దాన్ని ఆపేస్తున్నామని రెడ్ హ్యాట్ ప్రకటించింది. 2024 జూన్ 30తో సెంట్ఓఎస్ 7 కూడా అయిపోయింది. దాని జాగలో రాకీ లినక్స్, ఆల్మా లినక్స్ వచ్చినయి. పని తెలిసినోళ్లకు పేరు మారినా అవే కమాండ్లు.

కంపెనీల్లో ఎక్కువగా కనబడేవి రెండు కుటుంబాలు. ఒకటి 1993లో మొదలైన డెబియన్. ఉబుంటు, కాలీ దాని పిల్లలే. రెండోది రెడ్ హ్యాట్. ఫెడోరా, రాకీ, ఆల్మా ఆ వైపువి. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి అక్కడ ఏపీటీ, ఇక్కడ డీఎన్ఎఫ్. ఫైల్ పర్మిషన్లు, ప్రాసెస్‌లు, ఎస్ఎస్‌హెచ్, బ్యాష్ స్క్రిప్టులు, లాగ్‌లు చదవడం రెండిట్లో దాదాపు ఒకటే. ఇంటర్వ్యూలో అడిగేదీ ఇదే.

కాబట్టి మన చేతిలో ఉన్న మిషన్‌ను బట్టి ఎంచుకుందాం. 8 జీబీ ర్యామ్ ఉంటే ఉబుంటు ఎల్‌టీఎస్ వేసి, వర్చువల్‌బాక్స్‌లో రాకీ పెట్టుకోండి. 4 జీబీ పాత లాప్‌టాప్ అయితే లుబుంటు, లేదా ఎక్స్‌ఎఫ్‌సీఈతో డెబియన్ తేలిగ్గా నడుస్తది. లాప్‌టాప్ లేకుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వేసుకొని బ్యాష్ మొదలుపెట్టొచ్చు. కాలీ జోలికి ఇప్పుడే పోవద్దు. లినక్స్ కొత్తవాళ్లకు అది సరిపోదని దాన్ని తయారుచేసినోళ్లే రాసిపెట్టారు.

ఇవన్నీ ఉచితమే. అప్పు చేసి ఫీజు కట్టే ముందు ఇంటికాడ ఒక నెల చేసి చూడండి. కోచింగ్ వద్దంటలేను, సున్నా నుంచి మొదలుపెట్టడానికి వేలు పొయ్యొద్దంటున్న.

ఇంకో సంగతి. కంపెనీల్లో మనకు రిఫరెన్స్ ఇచ్చే మామలు, బాబాయిలు తక్కువ. ఓపెన్‌సోర్స్‌లో చేసిన పని మాత్రం మన పేరు మీద అందరికీ కనబడుతుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. మన ఆదిలాబాద్ గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌కెక్కింది, నోటో ఫాంట్ కూడా ఉచితంగా దొరుకుతది. ఆ లిపిలో టైప్ చేసే కీబోర్డు మీద పనిచేసినా, ఒక మెనూ అనువదించినా, అది రెజ్యూమెలో చూపించుకోదగ్గ పనే.

ఈ ఆదివారం ఒక పెన్‌డ్రైవ్ సిద్ధం చేయండి. ఫైళ్లు బ్యాకప్ తీసుకొని ఒక లాప్‌టాప్‌లో వేయండి. వచ్చే ఆదివారం పక్క రూమోళ్లకు మీరే నేర్పండి.