మంగలి కత్తి కొనబోయే మిత్రులకు

మొన్న ఉగాది భోజనాల దగ్గర ఇంజనీరు మిత్రుడొకరు తాను కొత్తగా కొన్న గడ్డం కత్తిని అందరికీ చూపించారు. నల్లని పెట్టెలో మడతకత్తి, తోలుపట్టీ, కుంచె, సబ్బుగిన్నె అన్నీ కలిపి ఇరవై పౌన్లట. "మొదటిది కదండీ, చవకదైతే నయం. చెయ్యి తిరిగాక మంచిది కొనుక్కోవచ్చు" అన్నారు. చాలామంది తలలూపారు. ఒక పెద్దమనిషి మాత్రం మొహం చిట్లించి, "ఇంత చదువు చదివి మంగలి కత్తి పట్టుకోవడమేమిటయ్యా" అన్నారు. రెండు మాటలూ తప్పే. ఆ పూట విందు పాడుచెయ్యడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

పాత సైకిలు మీద తొక్కడం నేర్చుకోవచ్చు. అది ఎంత డొక్కుదైనా సైకిలే. ఆ పెట్టెలోని వస్తువు మాత్రం నాసి కత్తి కాదు, అసలు కత్తే కాదు. గడ్డం కత్తికి సాన పట్టేటప్పుడు వెన్నూ అంచూ రెండూ ఒకేసారి రాతిమీద ఆనాలి. అలా ఆనితేనే కోణం దానంతటదే కుదురుతుంది. అలకు వంకరగా ఉంటే అంచులో ఒక కొస రాతికి తగలదు. ఉక్కుకు సరైన గట్టిదనం లేకపోతే పట్టిన పదును రెండు గీతలకే మడత పడిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి లోపం చేతిదో కత్తిదో తెలిసే దారి లేదు. నెల తిరగకుండా "ఇది మనవల్ల కాదు" అని అటక మీద పడేస్తాడు. మిత్రుడి మెడ నేను చూశాను. ఎర్రగా కందిపోయి ఉంది. ఆయన తన చేతినే తిట్టుకుంటున్నారు.

మరేది కొనాలి? అలకు వెడల్పు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు, అంటే సుమారు పదహారు మిల్లీమీటర్లు చాలు. కొస గుండ్రంగా ఉండాలి. కోసుగా ఉన్నది చూడ్డానికి బాగుంటుంది, చెవితమ్మె దగ్గర మాత్రం ప్రాణం తీస్తుంది. జర్మనీలో సోలింగెన్ పేరు 1938 నుంచీ చట్టం రక్షణలో ఉంది కనుక ఆ ముద్ర మీద కొంత నమ్మకం పెట్టవచ్చు. కొత్తది నూరు పౌన్లు దాటుతుంది. అంత పెట్టలేనివారు పాత షెఫీల్డు కత్తి చూడండి. పిడి పగిలినా ఫరవాలేదు. అంచు దగ్గర తుప్పు గుంటలు గానీ సన్నని బీట గానీ ఉంటే, వెన్ను ఒకవైపే అరిగి ఉంటే, ఊరికే ఇచ్చినా వద్దు. ఏది కొన్నా, తెలిసినవాడి చేత సాన పట్టించి తెచ్చుకోండి. పెట్టె విప్పగానే ప్రతి కొత్త కత్తీ గడ్డానికి పనికిరాదు. సాన పట్టడం వేరే విద్య, మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు.

పొదుపు చెయ్యాలనుకుంటే తోలుపట్టీ దగ్గర చెయ్యండి. వెన్ను ముందుండేలా లాగి, చివర కత్తిని వెన్నుమీదే తిప్పాలి. మొదట్లో ఆ తిప్పడం కుదరక అందరం పట్టీని కోసుకున్నవాళ్ళమే. ఖరీదైన తోలు ఎందుకు దండగ?

రక్తం పలచబడే మందులు వాడేవారూ, చెయ్యి వణికేవారూ ఈ సరదా మానుకోవాలి. ఒకరి కత్తి మరొకరు వాడకూడదు. హెపటైటిస్ బి అలా అంటుకోగలదు.

ఇక పెద్దమనిషిగారి మాట. 1540లో ఈ దేశపు పార్లమెంటు చట్టం చేసి లండనులోని మంగళ్ళనూ సర్జన్లనూ ఒకే సంఘంగా కలిపింది. వాళ్ళు విడిపోయింది 1745లో. నాటి సర్జన్లు విశ్వవిద్యాలయపు డాక్టర్లు కారు, అందుకే మిస్టర్లు. మా ఆసుపత్రి సర్జన్లు ఈనాటికీ డాక్టరు అంటే ఒప్పుకోరు, మిస్టర్ అనిపించుకోవడమే వాళ్ళకు గొప్ప. మన సంగతో? మా ఊళ్ళో ఇంటికొచ్చి క్షవరం చేసే పెద్దాయనకు అరవై ఏళ్ళు. ఎనిమిదేళ్ళ నేను ఆయన్ని "నువ్వు" అనేవాణ్ణి, ఆయన నన్ను "బాబుగారూ" అనేవాడు. పని అయ్యాక పెరట్లో స్నానం చేస్తేగాని నన్ను లోపలికి రానిచ్చేవారు కాదు. అప్పుడు తప్పనిపించలేదు.

హౌస్‌సర్జన్సీలో మాకు చర్మం కోయడం నేర్పారు. ముడతలు పడ్డ ముసలి గొంతు మీద నుంచి, చర్మం తెగకుండా, వెంట్రుక మాత్రమే తీయడం ఎవరూ నేర్పలేదు. నాలుగేళ్ళ క్రితం ఊరికి వెళ్ళినప్పుడు ఆయన కొడుకును అడిగి నేర్చుకున్నాను. ఆయన ఇప్పుడు సగం బ్లేడు పెట్టే కత్తే వాడతాడు, మనిషికో కొత్త ముక్క. తండ్రి కత్తి మాత్రం నూనె రాసి పొదిలో దాచాడు. దాని మీద సోలింగెన్ ముద్ర ఉంది. "కత్తిని చూడకండి డాక్టరుగారూ, ఎడమచేత్తో చర్మం ఎలా లాగుతున్నానో చూడండి" అన్నాడు. నేను ఆయన్ని "మీరు" అన్నాను. మా పెదనాన్న వరండాలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మంగలి కత్తి పట్టడం చిన్నతనమనుకునే పెద్దలు ఆ పెదనాన్న పక్కన కుర్చీ వేసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. ఇంజనీరు మిత్రుడికి మాత్రం నిన్న ఫోను చేసి, ఆ కత్తి పారేసి తోలుపట్టీ ఒక్కటీ ఉంచుకోమన్నాను. ఎలాగూ కోసుకోవాలి కదా.