రాబోవు కార్యక్రమ మేది?

పంచాంగము చేతఁ బట్టి తరువాతి యేకాదశి యెప్పుడని వెదకు గృహిణి మూడు పనులు చేయును. గడచిన తిథులను విడుచును. మిగిలినవానిని వరుసగాఁ జూచును. మొదట దొరకినదానియొద్ద నాఁగును. సోదరీమణులు పలువు రిప్పుడు తమ సమాజముల వెబ్‌సైటులను స్వయముగా నడపుచున్నారు. కావున నీ మూడు పనులను యంత్రముచేఁ జేయించు విధమును గూర్చి యీ మాసము ముచ్చటింపఁ దలంచితిమి.

కార్యక్రమము లన్నియు డేటాబేసులో నొక పట్టికగా నుండును: పేరు, స్థలము, ఆరంభకాలము, ముగింపుకాలము. దానిని బ్రశ్నించు భాష ఎస్.క్యు.ఎల్. 1974లో ఐ.బి.యం. పరిశోధకులగు డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు దీనిని ‘సీక్వెల్’ అను పేరఁ బ్రకటించిరి. ఇందు ‘వేర్’ అను మాట గడచినవానిని వడగట్టును. ‘ఆర్డర్ బై’ వరుస గూర్చును. ‘లిమిట్ 1’ ఒక్కదానితో నాపును. వరుస గూర్పక లిమిట్ 1 అన్నచో యంత్ర మేదో యొకదాని నిచ్చును గాని, సమీపమున నున్నదానినే యిచ్చునన్న నమ్మకము లేదు.

అసలు చిక్కు ‘గడచినది’ అను మాటలోనే యున్నది. ఉదయము 10 గంటలకు మొదలై సాయంకాలము 4 గంటలవఱకు జరుగు శిశువుల టీకాల శిబిరమును దలంపుఁడు. ఆరంభకాలమును బట్టి వడగట్టినచో 10 గంటలు దాటఁగనే యది పుటనుండి మాయమగును. వంటపని ముగించి 11 గంటలకు ఫోను చూచిన తల్లికి మఱునెల శిబిరమే కనఁబడును. నేఁటిది ముగిసినదని తలంచి యామె యిల్లు కదలదు. మే మెఱిఁగిన యొక యింట నిట్లే జరిగి, బిడ్డ టీకా నెల వెనుకఁబడినది. కావున ముగింపుకాలమును బట్టియే వడగట్టవలెనని మా దృఢాభిప్రాయము. ప్రక్కన ‘జరుగుచున్నది’ అని చూపించినచో మఱింత మేలు.

తేదీలను వట్టి యక్షరములుగా వ్రాసియుంచుట మఱియొక యనర్థము. యంత్రము వానిని ఎడమనుండి యొక్కొక్క యక్షరముగాఁ బోల్చును గనుక 05-11-2025 ముందనియు, 12-01-2025 తరువాత ననియు నెంచును. జనవరి నవంబరునకు వెనుకఁబడును! 2025-11-05 అని సంవత్సరము మొదలుకొని వ్రాసినచో నక్షరక్రమమే కాలక్రమ మగును. 1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణము చెప్పు వరుస యిదియే. తేదీలకై ప్రత్యేకించిన గడి డేటాబేసులో నుండనే యున్నది. దానిని వాడుట యన్నిటికంటె నుత్తమము.

సర్వరులు పెక్కు యు.టి.సి. కాలమును బాటించును. మన గడియారము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందు. మనకు తెల్లవారుజాము 5 గంటలైనప్పుడు దానికి నిన్నటి రాత్రి 11 గంటల 30 నిమిషములే. తేదీని మాత్రమే పోల్చినచో నిన్నటి సభ యింకను నేఁటిదిగాఁ గనఁబడును. సూర్యోదయముతో దినము మాఱునని మన పెద్ద లందురు; సర్వరునకును ఇంచుమించుగా నా వేళకే మాఱుట వింతయే గాని, ప్రకటనల కది పనికిరాదు. ప్రశ్నలోనే భారతకాలమును నిర్దేశింపవలెను.

రాబోవున దేదియు లేనప్పు డుత్తరము శూన్యముగా వచ్చును. అప్పుడు పుటను ఖాళీగా విడువక ‘ప్రస్తుతము కార్యక్రమములు లేవు’ అని కనఁబడునట్లు చేయుఁడు. ఒకే వేళకు రెండు సభ లున్నచో లిమిట్ 1 ఒకదానిని మ్రింగివేయును. అట్టి సమాజములవారు 2 అనియో 3 అనియో వ్రాసికొనవచ్చును.