సులూ: వద్దన్నా కలిపారు, ఐదేళ్లకు విడదీశారు

ఫిలిప్పీన్స్ దక్షిణ కొసన, మిందనావో, బోర్నియోల నడుమ ఉన్న దీవుల గుంపు సులూ. జనాభా పది లక్షలు. దాదాపు అందరూ ముస్లింలే, ఎక్కువ మంది తావుసుగ్ జాతివాళ్లు. రాజధాని హోలో. 15వ శతాబ్దంలోనే ఇక్కడ సల్తనత్ ఏర్పడింది. స్పెయిన్ వాళ్లు దాదాపు మూడు వందల ఏళ్లు పోరాడితే గానీ, 1876లో హోలోలో పాతుకోలేకపోయారు. 1906లో బుద్ దాహో కొండపై అమెరికా సైన్యం ఆడవాళ్లు, పిల్లలతో సహా వందల మందిని చంపింది. 1974లో సైన్యానికీ మోరో తిరుగుబాటుదారులకూ జరిగిన పోరులో హోలో పట్నం కాలి బూడిదైంది.

బతుకుతెరువు మాత్రం చేపలు, సముద్రపు నాచు, కొబ్బరి, కాఫీ. దేశంలోని నిరుపేద ప్రాంతాల్లో ఇదొకటి.

ఇప్పటి గొడవ 2019 నాటిది. కొత్త బంగ్సమోరో ముస్లిం స్వయంపాలిత ప్రాంతంలో చేరతారా అని అడిగితే, సులూలో 54 శాతం మంది వద్దన్నారు. మోరో పోరాటం మొదలుపెట్టిన నూర్ మిసువారీది సులూయే. కొత్త ప్రభుత్వ పగ్గాలేమో మిందనావోలో బలమున్న మోరో ఇస్లామిక్ లిబరేషన్ ఫ్రంట్‌కు దక్కబోతున్నాయి. అనుమానం ఉండదా మరి? అయినా పాత స్వయంపాలిత ప్రాంతం ఓట్లన్నీ ఒకే లెక్కలో కట్టి సులూను కలిపేశారు.

అది చెల్లదని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో తేల్చింది. 2025 జూలైలో అధ్యక్షుడు మార్కోస్ ఉత్తర్వుతో సులూ జాంబోవాంగా ద్వీపకల్పం ప్రాంతంలోకి మారింది.

జనం మాట నెగ్గింది, మంచిదే. కానీ ఇన్నేళ్లూ టీచర్లు, ఆసుపత్రి సిబ్బంది జీతాలు బంగ్సమోరో ఖజానా నుంచే వచ్చాయి. ఆ భారం ఇక మనీలాదే. బంగ్సమోరో పార్లమెంటులోని 80 సీట్లలో సులూకు కేటాయించిన 7 ఎవరికివ్వాలన్న పేచీతో అక్కడి తొలి ఎన్నికలే వెనక్కి వెళ్లాయి.