నీటి యొడ్డున నగరము

ఒక ఊరిని తెలిసికొనదలచినవాడు మొదట ఆ ఊరి నీటిని చూడవలెను. మేడలను, అంగళ్ళను బండిలో కూర్చుండి చూడవచ్చును. నీటిని అట్లు చూచుటకు వీలుపడదు. గట్టు వెంట కాలినడకను పోవలెను. పిదప పడవ యెక్కి నీటి నడుమనుండి గట్టువైపు చూడవలెను. గట్టుమీద నడచునప్పుడు నీరు మనుష్యులకు చేసిన మేలు కనబడును. పడవలో పోవునప్పుడు మనుష్యులు నీటికి చేసిన కీడు కనబడును. ఈ రెండును చూచినవాడే ఊరిని చూచినవాడు.

హైదరాబాదు పాతబస్తీలోని కిషన్‌బాగ్ ఇట్టి దర్శనమునకు తగిన తావు. కిషన్ అనగా కృష్ణుడు. బాగ్ అనగా తోట. ఈ పేటకు ఉత్తరమున మూసీనది పారుచున్నది. దక్షిణమున మీర్ ఆలం చెరువు ఉన్నది. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ ఈ నగరము నడుమగా పారి, వాడపల్లి కడ కృష్ణలో కలియును. కిషన్‌బాగ్ నుండి నది వెంట దిగువకు నడచినచో పురానాపూల్ వచ్చును. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, 1578లో, ఆ వంతెన కట్టబడినది. చార్మినారు కట్టుటకు పదమూడేండ్లు ముందే వంతెన వెలసినది. నగరమునకు మొదటి నుండియు నదితో ఎంత సంబంధమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

మీర్ ఆలం చెరువు కట్ట మరింత వింతయైనది. సికందర్ జా నిజాముగా నుండగా ఆయన దివాను మీర్ ఆలం దీనిని కట్టించెను. 1804లో పని మొదలై 1806లో ముగిసినది. ఇది తిన్నని గోడ కాదు. ఇరువదియొక్క అర్ధచంద్రాకారపు రాతిగోడలు భుజము భుజము కలిపి వరుసగా నిలిచియుండును. వాని వంపు నీటివైపునకు ఉబికియుండును. నీరు నెట్టినకొలది రాళ్ళు ఒకదానినొకటి అదుముకొని మరింత బిగియును. ఆ ఒత్తిడి వంపుల నడుమనున్న దిమ్మెలకు చేరును. కట్ట వెంబడి నడచువానికి ఈ వంపుల వెనుకభాగము మాత్రమే కనబడును. నీటిని ఎదిరించి నిలిచిన వాని ముఖము పడవలో పోవువానికే తెలియును. రెండువందల యేండ్లు గడచినను ఆ కట్ట చెక్కుచెదరలేదు.

ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు ఏర్పడకముందు నగరవాసులకు త్రాగునీరిచ్చినది ఈ చెరువే. నేడు ఆ నీటిని నోటపోసికొనువారు లేరు. ఇండ్ల మురుగు వచ్చి అందులో చేరుచున్నది, గుర్రపుడెక్క పెరుగుచున్నది. కట్టినవారి నేర్పు నిలిచినది. కాపాడవలసినవారి శ్రద్ధ సడలినది.

నీటిని మరచిన ఊరిని నీరు మరువదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. నాడు నగరమునకు ఎగువనున్న చెరువులలో రెండువందలకు పైగా తెగినవి. ఆ పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నదిని పరిశీలించి, ఎగువనే వరదను ఆపు జలాశయములు కట్టవలెనని సూచించిరి. ఆ ఫలితముగా 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసీపై హిమాయత్‌సాగరు పూర్తియైనవి. అయినను నీటి దారులను మూసివేసిన దోషము పోలేదు. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వానలకు పాతబస్తీలోని పెక్కు పేటలు మునిగినవి.

నడచి చూచినంత మాత్రమున నది శుభ్రపడునా యని కొందరు అడుగుదురు. పడదు. కాని చూడనిదానిపై ఎవరికిని మమత కలుగదు. లండను నగరపు థేమ్సునది 1858 వేసవిలో ఎంతగా కంపుకొట్టెననగా, పార్లమెంటు కిటికీలకు సున్నపు క్లోరైడు ద్రావణమున తడిపిన తెరలు కట్టవలసివచ్చెను. కంపు తమ ముక్కులకు సోకిన పిమ్మటనే పాలకులు పెద్ద మురుగుకాలువల నిర్మాణమునకు పూనుకొనిరి. అంతటితో పని తీరలేదు. 1957లో ఆ నది జీవము లేనిదైనదని శాస్త్రజ్ఞులు పలికిరి. మురుగును శుద్ధిచేసి వదలుటలో మరల శ్రద్ధ వహించిన పిదప చేపలు తిరిగి వచ్చినవి. థేమ్సునకు సాధ్యమైనది మూసీకి అసాధ్యము కాదు.

మూసీ తీరమును బాగుచేయుటకు 2017లో ఒక ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. 2024లో నదీగర్భములోని ఇండ్లను తొలగింపబూనినప్పుడు అందలి పేదలు కలతచెందిరి. నది బ్రదుకవలెను, నది యొడ్డున బ్రదుకువారును నిలువవలెను. మరియొక చోట ఇల్లు, పిల్లలకు బడి, పెద్దలకు పని చూపిన పిదపనే ఇల్లు విడువుమనుట న్యాయము. మురుగును ఆపక, గట్టున పూలమొక్కలు నాటి, దీపములు వెలిగించినచో అది పుండునకు పట్టుబట్ట కట్టినట్లగును. మొదట నీరు తేటపడవలెను. అందము దాని వెంట తానే వచ్చును.

విద్యార్థులు సెలవుదినమున పెద్దలను తోడుగొని తమ ఊరి చెరువుగట్టుపై నడచుట మంచిది. నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నది, ఎచ్చటికి పోవుచున్నది, దారిలో ఎవరు దానిని చెరచుచున్నారు అని అడిగి తెలిసికొనవలెను. పుస్తకమున చదివిన నది పరీక్ష ముగియగానే మరపునకు వచ్చును. ఒడ్డున నడచి, వాసన చూచి, పడవలో దాటిన నది మనసున నిలుచును. రేపు ఈ నగరమును ఏలువారు నేటి బాలబాలికలే. వారు ఎరిగిన నీటిని వారు చెడనీయరు.