గ్రహణం పాఠం, దర్భపోచ

2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణం. సాయంత్రానికల్లా మా ఇంట్లో ఊరగాయ జాడీల మీద దర్భపోచలు పడ్డాయి. వేసింది ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన మా అన్నయ్య. భూమి నీడ చంద్రుడి మీద పడితే గ్రహణమని ఆరో తరగతిలోనే రాసి మార్కులు తెచ్చుకున్నవాడు. ఆ జవాబు పరీక్ష పేపరు దాటి వంటింటిదాకా రాలేదు.

చదువొస్తే మూఢాచారాలు వాటంతటవే పోతాయని మనకో గట్టి నమ్మకం. దాన్నీ పరీక్షించాల్సిందే. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఆ తర్వాత ఊరూరా బడులు, కాలేజీలు వచ్చాయి. కట్నం పోయిందా? పెళ్లి మాటల్లో ఇంజనీరుకి ఒక రేటు, డాక్టరుకి అంతకు మించి, అమెరికా ఉద్యోగమైతే చెప్పనే అక్కర్లేదు. పట్టా కట్నాన్ని ఆపకపోగా పెంచింది. ఇది తలుచుకుంటే నాకు కడుపు రగులుతుంది.

అలాగని బడి దండగ అనను. తల్లి చదువుకుంటే పసిబిడ్డల చావులు తగ్గుతాయని ఎన్నో దేశాల్లో తేలింది. చదువు ఏం చేయగలదో మన నెల్లూరు జిల్లాయే చూపించింది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలు కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి అక్షరాలు దిద్దారు. వాళ్ల వాచకంలో సారా మీద తిరగబడ్డ ఊరి కథ ఒకటి ఉంది. దూబగుంట మహిళలు దాన్ని చదివి పుస్తకం మూయలేదు. మన ఊళ్లో సారా ఎందుకుండాలి అని అడిగారు, దుకాణం మూయించారు. ఆ అలజడి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. వాళ్ల చదువు కొన్ని నెలలదే, కానీ ప్రశ్న వాళ్లది. మన తరగతి గదిలో ప్రశ్న పేపరు తయారుచేసేవాళ్లది, జవాబు గైడుది, పిల్లలకి మిగిలేది బట్టీ.

గ్రహణానికి తిరుమల గుడి మూస్తారు. అదే జిల్లాలోని శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంటుంది. ఒకే నీడ ఒక చోట మైల, ఇంకో చోట కాకపోవడమేమిటని ఆరో తరగతి పిల్లలు అడగాలి, మాస్టారు అడగనివ్వాలి.

ఆ రాత్రి మా ఇంట్లో అడిగింది నాలుగో తరగతితో బడి మానేసిన మా అమ్మ. "ఒక జాడీకి వేయకుండా చూద్దాం లేరా" అంటూ మాగాయ జాడీ మీద దర్భ తీసేసింది. నెల తర్వాత ఆ జాడీదీ, దర్భ ఉంచిన ఇంకో జాడీదీ మూతలు తీసి, రెండింట్లోంచీ తలో ముక్క అన్నయ్య కంచంలో వేసింది.